గ్రీన్ కార్డు, పాత కేసు, అమెరికా సైన్యం: మీరు విన్నవాటిలో ఎంత నిజం?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకూ పనికొస్తుంది. మీ అబ్బాయికి 19 ఏళ్లు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద వచ్చాడు, నాలుగు నెలల క్రితం మీ కుటుంబంతో పాటు గ్రీన్ కార్డు అందుకున్నాడు. మొన్న సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి కుర్రాళ్ల పేర్లు రాసుకునే ప్రభుత్వ సంస్థ) నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అంతకుముందు, గ్రీన్ కార్డు దరఖాస్తు ఇంకా నడుస్తుండగానే, స్నేహితులతో మాల్‌కు వెళ్లి డబ్బు కట్టకుండా వస్తువు తీశాడని పోలీసులు కేసు పెట్టారు. జరిమానా కట్టించి, ఏదో తరగతికి పంపి, తర్వాత కేసు కొట్టేశారు. ఇప్పుడు గుడి దగ్గరా వాట్సాప్‌లోనూ మీకు నాలుగు మాటలు వినిపిస్తున్నాయి. ఆ ఉత్తరం వచ్చిందంటే యుద్ధానికి పట్టుకుపోతారట. సైన్యంలో చేరితే పాత కేసు మాఫీ అట. చేరిన రోజే పౌరసత్వం చేతికిస్తారట. యూనిఫాం వేసుకున్నవాడిని మామూలు పోలీసులు, కోర్టులు ముట్టుకోలేవట.

నాలుగూ తప్పే. మూడోదానిలో మాత్రం పావు వంతు నిజం ఉంది. ఈ దేశంలో సైన్యం చట్టానికి దొరక్కుండా తలదాచుకునే చోటు కాదు. చేరినవాడి మీద మామూలు చట్టం అలాగే ఉంటుంది, దానిపైన ఇంకో చట్టం వచ్చి చేరుతుంది. ఇక మీ విషయానికొస్తే, మీరు నిద్ర పాడుచేసుకుంటున్నది ఉత్తరం గురించి. నిజంగా పట్టించుకోవలసింది మాల్ కేసును.

నేను లాయరును కాను. అమెరికా సైన్యం న్యాయ విభాగంలో పారాలీగల్ సార్జెంటుగా, అంటే లాయర్లకు సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు టెక్సస్‌లో ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర ఫైళ్లు చూస్తుంటాను. ఇటు కాగితాలూ అటు కాగితాలూ నా చేతుల మీదుగా పోయాయి కాబట్టి కొంత చెప్పగలను. మీ ఫైలు తెరిచి చూసిన లాయరు దీనికి భిన్నంగా చెబితే ఆయన మాటే వినండి.

ఉత్తరం సంగతి

సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదు కావడం వేరు, సైన్యంలోకి తీసుకోవడం వేరు. అమెరికాలో నిర్బంధ సైనిక సేవ 1973లోనే ఆగిపోయింది. అప్పటినుంచి సైన్యమంతా ఇష్టపడి చేరినవాళ్లే. నమోదును కూడా 1975లో ఆపేశారు. సోవియట్ సేనలు అఫ్గానిస్థాన్‌లోకి దిగాక 1980లో అధ్యక్షుడు కార్టర్ మళ్లీ మొదలుపెట్టారు. అది ఒక జాబితా, అంతే. ఆ జాబితాలోంచి మనుషులను పిలవాలంటే కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) చట్టం చేయాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి, పుట్టినరోజుల లాటరీ తీయాలి. ఇన్నేళ్లలో అది జరగలేదు.

18 నుంచి 25 ఏళ్ల వయసున్న మగవాళ్లందరికీ నమోదు తప్పనిసరి. పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, చివరికి ఏ కాగితాలూ లేకుండా ఉంటున్నవాళ్లు కూడా ఇందులోకి వస్తారు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద సక్రమంగా ఉన్నంతకాలం అవసరం లేదు. అందుకే మీ అబ్బాయికి 18 నిండినప్పుడు ఎవరూ అడగలేదు. గ్రీన్ కార్డు రాగానే ఆ మినహాయింపు పోయింది, 30 రోజుల్లో నమోదు కావాలి. ఆడపిల్లలకు ఈ బాధ్యత లేదు. మగవాళ్లకే ఎందుకని వేసిన కేసును సుప్రీం కోర్టు 1981లో కొట్టేసింది.

ఇక్కడ మీకు తెలియని విషయం ఒకటి ఉండవచ్చు. ఐ-485, అంటే గ్రీన్ కార్డు దరఖాస్తు పెట్టుకున్న ఆ వయసు కుర్రాళ్ల వివరాలను ఇమ్మిగ్రేషన్ శాఖే సెలెక్టివ్ సర్వీస్‌కు పంపుతుంది. కాబట్టి మీకు వచ్చింది పిలుపు కాకపోవచ్చు, నమోదు పూర్తయిందని తెలిపే రసీదు అయి ఉండవచ్చు. అందులో సెలెక్టివ్ సర్వీస్ నంబరు ఉందేమో చూడండి. ఉంటే ఆ కాగితాన్ని పాస్‌పోర్టులు పెట్టే చోట దాచండి. లేకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో ఇంటిపేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి సరిచూసుకుని, పేరు లేకపోతే అక్కడే నమోదు చేయించండి. నెలా రెండు నెలలు ఆలస్యమైందని ఎవరూ జైలుకు పంపరు. 2025 చివర్లో వచ్చిన రక్షణ చట్టం ఈ నమోదును ప్రభుత్వమే చేసేలా మార్చింది. అయినా అది అమలులోకి వచ్చేదాకా బాధ్యత అబ్బాయిదే.

నమోదు చేసుకోకపోతే చట్టం రాసిపెట్టిన శిక్ష అయిదేళ్ల వరకు జైలు, 2,50,000 డాలర్ల వరకు జరిమానా. కాగితం మీద భయంకరంగా ఉంటుంది గానీ 1980ల మధ్య తర్వాత ఈ నేరానికి ఎవరినీ కోర్టుకు లాగిన దాఖలాలు దాదాపు లేవు. దెబ్బ తగిలేది ఇంకో చోట, పౌరసత్వం దగ్గర. 26వ పుట్టినరోజు దాటాక నమోదు చేసుకోవడం కుదరదు. మా ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు, మంచి ఉద్యోగం, ఒక్క ట్రాఫిక్ టికెట్ కూడా లేదు. ‘పేరు రాయించుకుంటే యుద్ధానికి పంపుతారు’ అని ఇంట్లో వాళ్లే ఆపేశారట. పౌరసత్వ దరఖాస్తులో ఆ ప్రశ్న వచ్చేసరికి వయసు 28. తెలియక చేయలేదని రుజువు చేసుకోవాలి, కానీ ఇతనికి తెలుసు. తెలిసీ మానేశానని రాస్తే నడవడిక బాగాలేదన్నట్టు, తెలియదని రాస్తే అబద్ధం. చివరికి 31 నిండేదాకా ఆగమని లాయరుగారు చెప్పారు. అమ్మానాన్నల భయం ఖరీదు మూడేళ్లు.

‘జైలా, సైన్యమా?’ అని జడ్జి అడుగుతాడా?

అడగడు. వియత్నాం యుద్ధం రోజుల్లో కొందరు జడ్జీలు అలా అన్న మాట వాస్తవమే, సినిమాలు దాన్ని ఇంకా బతికిస్తున్నాయి. ఈ రోజు జడ్జి అన్నా సైన్యం ఒప్పుకోదు. శిక్షకో విచారణకో బదులుగా వచ్చినవాడిని చేర్చుకోకూడదని ఆర్మీ నియామక నిబంధనల్లోనే రాసి ఉంది, మిగతా దళాలదీ అదే దారి. కేసు పెండింగులో ఉన్నా, ప్రొబేషన్ పూర్తికాకపోయినా దరఖాస్తు ముందుకు కదలదు.

కేసు ముగిసిపోయినవాళ్లకు దారి ఉంది. చిన్న నేరమైతే మినహాయింపు అడగవచ్చు, దాన్ని పైఅధికారులు పరిశీలిస్తారు. అయితే ఆ మినహాయింపు సైన్యంలో చేరడానికి మాత్రమే. కోర్టు రికార్డు అలాగే ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ ఫైలు అలాగే ఉంటుంది. రిక్రూటరు (సైన్యంలోకి మనుషులను చేర్పించే ఉద్యోగి) దగ్గర మాఫీ చేసే అధికారం ఏమీ లేదు.

ఇంకో హెచ్చరిక. కొందరు రిక్రూటర్లు ‘అది రాయకు, కేసు కొట్టేశారుగా, ఎవరికీ కనబడదు’ అంటారు. కనబడుతుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళతాయి. రాష్ట్ర కోర్టు మూసేసిన రికార్డును కూడా చెప్పమనే సైన్యం అడుగుతుంది. దాచి చేరడం సైనిక చట్టంలో మోసపూరిత నియామకం అనే వేరే నేరం. నేను పనిచేసిన చోట ఒక కుర్రాడు 17 ఏళ్లప్పటి చిన్న కేసు దాచాడు. చెప్పి ఉంటే మినహాయింపు వచ్చి ఉండేది, అంత చిన్నది. శిక్షణంతా పూర్తయ్యాక భద్రతా తనిఖీలో బయటపడింది. రిక్రూటరు చెప్పొద్దన్నాడని అతను, నేనలా అనలేదని రిక్రూటరు. కాగితం మీద సంతకం ఎవరిదో వాడే సంచి సర్దుకుని ఇంటికి వెళ్లాడు.

ఇప్పుడు ఆ మాల్ కేసు

మీ ప్రశ్నలో రెండు ముక్కల్లో తేల్చేసిన ఈ విషయమే నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపిస్తోంది. మొదట ఒకటి అడుగుతాను: కేసు నడిచినప్పుడు ఐ-485 పెండింగులో ఉంది కదా, ఆ సంగతి ఇమ్మిగ్రేషన్ శాఖకు చెప్పారా? ఎప్పుడైనా అరెస్టు చేశారా, నేరం మోపారా అని ఆ ఫారం అడుగుతుంది. తర్వాత కొట్టేసినా సరే, రికార్డు చెరిపేసినా సరే, జవాబు అవునే. దరఖాస్తు పెట్టిన తర్వాత జరిగింది కాబట్టి మీరు రాయలేదేమో. లాయరుకైనా చెప్పారో లేదో మీ ప్రశ్నలో లేదు. చెప్పకపోతే, సైన్యం మాట దేవుడెరుగు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి. పౌరసత్వ దరఖాస్తు ఎన్-400లో ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది, అప్పుడు రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

రెండోది, రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినంత మాత్రాన ఇమ్మిగ్రేషన్ చట్టం కూడా కొట్టేసినట్టు కాదు. ఆ చట్టం ప్రకారం నేరం ఒప్పుకుని, లేదా పోటీ చేయనని చెప్పి, దాని మీద జడ్జి ఏదైనా శిక్షో షరతో విధిస్తే అది నేర నిర్ధారణ కిందే లెక్క. టెక్సస్‌లో డిఫర్డ్ అడ్జుడికేషన్ అనే పద్ధతి ఉంది. షరతులు పూర్తిచేస్తే రాష్ట్రం దృష్టిలో శిక్ష పడనట్టే, ఇమ్మిగ్రేషన్ దృష్టిలో చాలావరకు పడినట్టే. అదే, నేరం ఒప్పుకోకుండా విచారణకు ముందే ప్రాసిక్యూటరు తరగతికి పంపి వదిలేసి ఉంటే కథ వేరు.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుంది? కోర్టు క్లర్కు ఆఫీసులో ముద్ర వేసి ఇచ్చే తుది ఉత్తర్వు ప్రతిలో. ఒకటి రెండు పేజీలు ఉంటుంది. పైన కేసు నంబరు, నేరం పేరు, దాని తరగతి ఉంటాయి. కిందికి వస్తే ‘ప్లీ’ (మోపిన నేరానికి నిందితుడిచ్చిన జవాబు) అనే గడి కనిపిస్తుంది. మీ కళ్లు ఆగవలసింది అక్కడ. గిల్టీ (ఒప్పుకోలు) అని ఉందా, నోలో కాంటెండరే (పోటీ చేయను) అని ఉందా, ఏమీ లేకుండా ఖాళీగా ఉందా? చివర్లో పెద్ద అక్షరాలతో డిస్మిస్డ్ అని ముద్ర ఉన్నా సరే, మా ఆఫీసులో ముందు చూసేది ఈ గడినే. ఇంకో మాట: రికార్డు చెరిపించే ముందు ముద్ర వేసిన ప్రతులు నాలుగైదు తీసి పెట్టుకోండి. ముందు చెరిపించి తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎందరో. కోర్టేమో మా దగ్గర ఏమీ లేదంటుంది, ఇమ్మిగ్రేషన్ అధికారేమో కాగితం తెమ్మంటాడు.

దొంగతనాన్ని నైతికంగా నీచమైన నేరాల వర్గంలో పెడతారు కాబట్టి చిన్న మొత్తమని తేలికగా తీసుకోలేం. అయినా మీరు బెంబేలెత్తవలసిన పని కూడా లేదు. జీవితంలో ఒకే ఒక్క చిన్న నేరం ఉన్నవాళ్లకు చట్టంలో మినహాయింపు ఉంది. మీ అబ్బాయికి వర్తిస్తుందో లేదో నేరం తరగతిని బట్టి, శిక్షను బట్టి లాయరు చెబుతారు. నేను చూసినంతలో ఇలాంటి ఫైళ్లలో కొంప ముంచేది నేరం కాదు, దాన్ని దాచడం.

చేరిన రోజే పౌరసత్వం?

నిజమైన భాగం ముందు చెబుతాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు సిపాయిగా చేరవచ్చు. అధికారి హోదాకు, రహస్య సమాచారం చూసే ఉద్యోగాలకు మాత్రం పౌరసత్వం ఉండాలి. మామూలుగా గ్రీన్ కార్డు తర్వాత అయిదేళ్లు ఆగాలి కదా, సైన్యంలో గౌరవంగా పనిచేస్తున్నవాళ్లకు ఆ నిరీక్షణ బాగా తగ్గుతుంది. శాంతికాలపు నిబంధన అయితే ఏడాది సేవ చాలు. 2001 సెప్టెంబరు 11 నుంచి నడుస్తున్న కాలాన్ని యుద్ధకాలంగా 2002లో అధ్యక్షుడు బుష్ ప్రకటించారు. ఆ యుద్ధకాలపు నిబంధన కింద ఇంకా ముందే దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు రుసుము కూడా ఉండదు.

కానీ అది దానంతట అదే రాదు. ఎన్-400 నింపాలి, సేవ గౌరవప్రదంగా ఉందని ఎన్-426 మీద సైన్యం ధ్రువీకరించాలి, వేలిముద్రలు ఇవ్వాలి, ఇంటర్వ్యూకు వెళ్లాలి, ప్రమాణం చేయాలి. చేరినప్పుడు చేసే సైనిక ప్రమాణం వేరు, పౌరసత్వ ప్రమాణం వేరు. మొదటిది చేసేసి ‘ఇక నేను అమెరికన్‌ని’ అనుకుని ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు నాకు తెలుసు. సైన్యంలో చేసి, పౌరసత్వం తీసుకోకుండా బయటికి వచ్చి, తర్వాత ఏదో కేసులో ఇరుక్కుని దేశం నుంచి పంపించబడిన మాజీ సైనికులు ఉన్నారు. మెక్సికో సరిహద్దు నగరం టిహువానాలో అలాంటివాళ్లు ఒక ఆశ్రయమే నడుపుకున్నారు.

దీనికి సుప్రీం కోర్టు స్థాయి ఉదాహరణ హోసే పడియా కేసు, తీర్పు 2010లో వచ్చింది. హోండురస్‌లో పుట్టినవాడు. 40 ఏళ్లకు పైగా గ్రీన్ కార్డు మీద అమెరికాలో ఉన్నాడు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. కెంటకీలో ట్రక్కులో గంజాయి రవాణా చేసిన కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఇంతకాలం ఇక్కడ ఉన్నావు కాబట్టి ఇమ్మిగ్రేషన్ గురించి బెంగ వద్దని అతని లాయరు చెప్పాడు. తీరా చూస్తే ఆ ఒప్పుకోలు దేశం నుంచి పంపేయడానికి తలుపులు తెరిచింది. నేరం ఒప్పుకుంటే దేశం విడిచిపోవలసి రావచ్చని పౌరుడు కాని కక్షిదారుకు లాయరు చెప్పి తీరాలని అప్పుడు సుప్రీం కోర్టు తేల్చింది. ఈ రోజు క్రిమినల్ లాయర్లు ‘మీరు పౌరులేనా?’ అని మొదటే అడగడానికి ఆ తీర్పు పెద్ద కారణం. అతని సైనిక సేవ మాత్రం ఆ ప్రమాదానికి అడ్డుపడలేదు.

ఇంకో మెలిక. సైన్యం ద్వారా పౌరసత్వం వచ్చాక అయిదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తికాకుండా, చెడ్డపేరుతో బయటికి పంపితే ఆ పౌరసత్వాన్ని వెనక్కి తీసుకునే వీలు చట్టంలో ఉంది.

హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక్క ముక్క: 2008లో మావ్‌ని అనే పథకం పెట్టి, వైద్య నైపుణ్యం ఉన్నవాళ్లను, సైన్యానికి కావలసిన భాషలు వచ్చినవాళ్లను గ్రీన్ కార్డు లేకుండానే చేర్చుకున్నారు. 2016లో కొత్తవాళ్లను తీసుకోవడం ఆగిపోయింది. ఇప్పుడెవరైనా ఆ దారి చూపిస్తామని డబ్బు అడిగితే అది మోసం.

యూనిఫాం వేసుకుంటే పోలీసులు ముట్టుకోరా?

నిక్షేపంగా ముట్టుకుంటారు. సైనిక స్థావరం బయట తాగి కారు నడిపితే స్థానిక పోలీసులే పట్టుకుంటారు, కౌంటీ జైలులోనే పెడతారు. అది అయ్యాక కమాండరు దగ్గర రెండో విడత మొదలవుతుంది.

సైన్యానికి 1951 నుంచి అమలులో ఉన్న ఉమ్మడి సైనిక న్యాయ నియమావళి ఉంది. చిన్న తప్పులకు ఆర్టికల్ 15 కింద కమాండరే హోదా తగ్గిస్తాడు, జీతం కోస్తాడు, అదనపు డ్యూటీ వేస్తాడు. ఓడ మీద ఉన్నవాళ్లు తప్ప మిగతావాళ్లు అది వద్దని కోర్టు మార్షల్ (సైనిక కోర్టులో విచారణ) అడగవచ్చు. కోర్టు మార్షల్‌లో తేలిన నేరం ఫెడరల్ రికార్డు మీద జీవితాంతం ఉంటుంది కాబట్టి, పౌరుషానికి పోయి అడిగేవాళ్లను ముందు డిఫెన్స్ లాయరు దగ్గరికి పంపేవాళ్లం. ఒకే పనికి రాష్ట్ర కోర్టూ సైన్యమూ రెండూ విచారించవచ్చు. రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం వేర్వేరు సార్వభౌమ శక్తులు కాబట్టి ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదనే నియమం ఇక్కడ అడ్డురాదు. ఫెడరల్ కోర్టూ కోర్టు మార్షలూ కలిసి మాత్రం చేయలేవు.

అలాగని సైనిక న్యాయం అంటే గోడకు నిలబెట్టి కాల్చడం అనుకునేవాళ్లకు కూడా ఒక మాట చెప్పాలి. అక్కడ నిందితుడికి డిఫెన్స్ లాయరు ఉచితం, జీతం ఎంతైనా సరే. మౌనంగా ఉండే హక్కు గురించి ప్రశ్నించే ముందే చెప్పాలని ఆర్టికల్ 31 నిర్దేశిస్తుంది. మామూలు పోలీసులూ అలా చెప్పాలన్న మిరాండా తీర్పు 1966లో వచ్చింది, సైన్యంలో ఆ నియమం అప్పటికే పదిహేనేళ్లుగా ఉంది. తేడా జ్యూరీలో ఉంది. బయట కోర్టులో తీవ్ర నేరానికి జ్యూరీ ఏకగ్రీవంగా ఉండాలి. కోర్టు మార్షల్‌లో మరణశిక్ష లేని కేసులకు నాలుగింట మూడు వంతుల ఓట్లు చాలు. ఎనిమిది మందిలో ఆరుగురు దోషి అంటే దోషే.

ఇక మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినే చోటు చెబుతాను, ఇది సైన్యంలో లేనివాళ్లకూ వర్తిస్తుంది. మన ఊళ్లలో గొడవ పోలీస్ స్టేషన్‌దాకా వెళ్లినా పెద్దలు కూర్చుని రాజీ చేస్తే కథ ముగుస్తుందని మనకు అలవాటు. ఇక్కడ భార్యాభర్తలు గట్టిగా అరుచుకుని, ఒకరు 911కు ఫోను చేస్తే, పోలీసులు వచ్చి ఒకరికి బేడీలు వేసి తీసుకెళ్లే అవకాశం చాలా ఎక్కువ. మర్నాడు ఫోను చేసిన మనిషే వెళ్లి ‘కేసు వద్దు, వెనక్కి తీసుకుంటున్నాను’ అంటే ఆ మాట చెల్లదు. కేసు ఆమెది కాదు, రాష్ట్రానిది. నడపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటరు ఇష్టం, ఆమె సాక్షి మాత్రమే.

నేను పనిచేసిన కాలంలో ఒక తెలుగు సార్జెంటు విషయంలో ఇదే జరిగింది. వంటింట్లో మాటామాటా పెరిగింది, అతను ఆమె చేయి పట్టుకుని లాగాడు, పక్కింటివాళ్లు ఫోను చేశారు. ఆమెకు పెద్ద గాయం లేదు, కేసు వద్దని ఏడ్చింది. రెండు వైపుల అత్తమామలు ఇండియా నుంచి ఫోన్లలో రాజీ చేశారు. కౌంటీ ప్రాసిక్యూటరు మాత్రం చిన్న నేరంగా ఒప్పుకుంటే జైలు లేకుండా ప్రొబేషన్ ఇస్తానన్నాడు. జైలు లేదు కదా అని అతను సంతకం చేయబోయాడు. ఆ పూట న్యాయ విభాగానికి రాకుండా ఉండి ఉంటే చేసేసేవాడే. 1996లో వచ్చిన లాటెన్‌బర్గ్ సవరణ ప్రకారం గృహహింస కేసులో చిన్న నేరం రుజువైనా తుపాకీ పట్టుకోకూడదు. సైనికుడికి, పోలీసుకు డ్యూటీలో కూడా మినహాయింపు లేదు. తుపాకీ పట్టలేని సిపాయి సైన్యంలో ఎన్నాళ్లు ఉంటాడు? పైగా అతను అప్పటికి పౌరుడు కాదు, గృహహింస నేరం దేశం నుంచి పంపడానికి విడిగా ఒక కారణం. బయటి లాయరుతో మాట్లాడించాక, నేరం ఒప్పుకోలు లేకుండా వేరే దారిలో ముగిసింది. దానికి నెలలు పట్టింది. ఈలోగా కమాండరు ఆదేశం మీద అతను ఇంటికి వెళ్లకుండా బారక్స్‌లో ఉన్నాడు, ఆమె పసిబిడ్డతో ఒంటరిగా ఉంది.

ఇక్కడ కేసులన్నీ జ్యూరీ ముందు వాదోపవాదాలతో తేలతాయన్నది కూడా భ్రమే. సుప్రీం కోర్టే 2012లో ఒక తీర్పులో రాసింది: ఫెడరల్ కోర్టుల్లో శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం నిందితులు నేరం ఒప్పుకోవడం వల్ల పడుతున్నవే. అంటే మీ అబ్బాయి భవిష్యత్తు కోర్టు హాలులో కాదు, నడవాలో ప్రాసిక్యూటరు చేతికిచ్చిన ఒక కాగితం మీద తేలిపోయి ఉండవచ్చు. ఆ ‘ప్లీ’ గడి గురించి అంత నొక్కి చెప్పింది అందుకే.

పనిలో పని, మిరాండా హెచ్చరిక చదవకపోతే కేసు కొట్టేస్తారన్నది నిజం కాదు. కస్టడీలో పెట్టి ప్రశ్నించినప్పుడు చెప్పిన మాటలను సాక్ష్యంగా వాడలేరు, అంతవరకే. మిగతా సాక్ష్యం అలాగే ఉంటుంది. ఊరికే నోరు మూసుకుని కూర్చున్నా చాలదని 2010లో సుప్రీం కోర్టు చెప్పింది. ‘నేను మాట్లాడను, నాకు లాయరు కావాలి’ అని నోరు తెరిచి చెప్పాలి. మన పిల్లలు మర్యాద కోసం జవాబులు చెబుతూ పోతారు, అది మాన్పించండి.

అబ్బాయికి నిజంగానే చేరాలని ఉంటే

మీరు ఆపాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. నాకు ఆ ఉద్యోగం అన్నం పెట్టింది. కాగితం విషయంలో మాత్రం రెండు మాటలు. మొదటి ఒప్పందం నాలుగేళ్లని రిక్రూటరు చెప్పినా మొత్తం బాధ్యత సాధారణంగా ఎనిమిదేళ్లు. క్రియాశీలక సేవ పోగా మిగిలింది రిజర్వు జాబితాలో ఉంటుంది, అవసరమైతే ఆ కాలంలో పిలుస్తారు. ఇక ఉద్యోగం రకం, బోనసు, చదువు ఖర్చు లాంటి హామీలు ఒప్పందం అనుబంధాల్లో అక్షరాలా ఉండాలి. నోటిమాటగా చెప్పినవాటికి విలువ లేదని ఆ ఒప్పందంలోనే రాసి ఉంటుంది, దాని కిందే కుర్రాడు సంతకం చేస్తాడు.

సంతకం చేసి, శిక్షణకు బయల్దేరే తేదీ కోసం ఇంట్లో వేచి ఉండే దశలో మనసు మారితే వెనక్కి రావచ్చు. రాతపూర్వకంగా చెబితే చాలు. ‘రాకపోతే అరెస్టు చేస్తారు’ అని బెదిరించే రిక్రూటరు అబద్ధం చెబుతున్నట్టే. శిక్షణకు వెళ్లిన తర్వాత ఆ వెసులుబాటు లేదు. చెప్పకుండా వెళ్లిపోతే నేరం, 30 రోజులు దాటితే పారిపోయినవాడిగా నమోదై దేశంలో ఏ పోలీసైనా పట్టుకునేలా వారెంటు వెళుతుంది.

అప్పులు మాఫీ అవుతాయని కూడా ఎవరో మీతో అన్నారట, కావు. సేవలో చేరకముందు చేసిన అప్పు మీద వడ్డీ ఆరు శాతం దాటకూడదని 2003 నాటి చట్టం చెబుతుంది. అదీ కాగితం పెట్టి అడిగితేనే. డ్యూటీలో ఉన్నప్పుడు సివిల్ కేసు వస్తే వాయిదా అడగవచ్చు. కేసే వేయకూడదని కాదు.

చివరిది ఇండియా సంగతి. రిక్రూటరుకు తెలియదు, తెలిసినా అతనికి అవసరం లేదు. అమెరికా పౌరసత్వం తీసుకోగానే భారత పౌరసత్వం పోతుంది, ఆ తర్వాత అందరూ ఓసీఐ కార్డు (వీసా లేకుండా ఇండియాకు వచ్చిపోయే వీలిచ్చేది) తెచ్చుకుంటారు కదా. భారత ప్రభుత్వ నిబంధన ప్రకారం విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకు, రిటైరైనవాళ్లకు కూడా ఓసీఐ ఇవ్వరు. నానమ్మను చూడాలన్నా, చెల్లి పెళ్లికి రావాలన్నా ప్రతిసారీ వీసా దరఖాస్తు పెట్టుకుని, సైనిక సేవ వివరాలు రాసి, ఎదురుచూడాలి. నేనూ అలాగే వస్తున్నాను. హఠాత్తుగా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదని ఫోను వస్తే రాత్రికి రాత్రి విమానం ఎక్కడం కుదరదు. చేరాలా వద్దా అని మీ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి అబ్బాయికి మీరే చెప్పండి, ఇంకెవరూ చెప్పరు.